కాచిన కాఫీ – కాపాడుకొనే విధము

"అయ్యా, తెల్లవారుజామున ఐదు గంటలకు కాచి ఫ్లాస్కులో పోసిన కాఫీని పదకొండు గంటలకు త్రాగవచ్చునా?" అని రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు మొన్న తరగతి ముగిసిన తరువాత మమ్ము అడిగినాడు. అతడు మరి ముగ్గురితో కలసి అద్దె గదిలో ఉంటున్నాడు. పరీక్షల దినములలో ఒకసారి కాచుకొని పలుమార్లు త్రాగడము వారి అలవాటు. "పాలు కలిపినదా, కలపనిదా?" అని మేము ఎదురు ప్రశ్న వేసినాము. అతడు కొంత ఆశ్చర్యపడినాడు. కాఫీ అంటే పాలు కలిపినదే కదా అని అతని ఉద్దేశము. ఐతే మా ఎదురు ప్రశ్నలోనే సమాధానమంతా ఉన్నది. దానిని విప్పి చెప్పడమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతికేవారము. రసాయనశాస్త్రము మాది కాదు. ఇక్కడ వ్రాసిన శాస్త్ర విషయములు కొన్ని మా విజ్ఞానశాస్త్ర శాఖల మిత్రులను విసిగించి తెలుసుకొన్నవి, కొన్ని చదివి గ్రహించినవి. ఈ విషయమును పట్టుకొనడానికి మాకు కారణము లేకపోలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పరీక్షా కేంద్రమునకు మేము పర్యవేక్షకులుగా వెళ్ళియున్నాము. తెల్లవారకముందే పాలు, చక్కెర కలిపి కాచిన కాఫీని కుళాయి అమర్చిన పెద్ద స్టీలు డబ్బాలో పోసి ఉంచినారు. తొమ్మిది గంటలకు కొందరికి పంచినారు. మిగిలినదానిని మధ్యాహ్నము పన్నెండు గంటలకు వేడిచేసి మాకు ఇచ్చినారు. రుచిలో లోపమేమియు లేదు. పైపెచ్చు యాలకుల పరిమళము కూడ ఉన్నది. మూడు గంటలు కాకమునుపే మాలో ఇద్దరికి, అక్కడి అటెండరుకు వాంతులు మొదలైనవి. అటెండరు వయసు మీరినవాడు. మరునాటి ఉదయము వరకు అతనికి సెలైను ఎక్కించవలసి వచ్చినది. ఆ కేంద్రము పేరు ఇక్కడ అనవసరము. అక్కడ వండినవారు మురికి మనుషులు కారు. గిన్నెలు అద్దములవలె ఉన్నవి. ఆ పానీయమును పరీక్ష చేయించినవారు కూడ లేరు కనుక ఏ సూక్ష్మజీవి ఆ పని చేసినదో రూఢిగా చెప్పలేము. కాని ఆరు గంటలు గోరువెచ్చగా నిలిచిన పాలు ఏమి చేయగలవో తెలిసిన తరువాత మాకు ఆశ్చర్యము కలుగలేదు.

మొదట ఒక భేదము గుర్తించాలి. రుచి చెడిన కాఫీ వేరు, చెడిపోయిన కాఫీ వేరు. మొదటిది నోటికి మాత్రమే శిక్ష. రెండవది కడుపునకు శిక్ష. రుచి చెడినది వెంటనే తెలిసిపోతుంది: చేదెక్కుతుంది, పులుపెక్కుతుంది, వాసన చచ్చిపోతుంది. చెడిపోయినది అనేక పర్యాయములు నోటికి ఏమియు తెలియనీయదు. కాఫీ వాసన ఘాటైనది, చక్కెర తీపియైనది. ఈ రెండింటి చాటున పాలలోని మార్పు దాగిపోతుంది. కనుక వాసన చూసి, రుచి చూసి నిర్ణయించే మన ఇంటి పద్ధతి మొదటిదానికి పనికివస్తుందే గాని రెండవదానికి పనికిరాదు.

ఇక డికాక్షను సంగతి. ఈ ఇంగ్లీషు మాట మన నోళ్ళలో బాగా నలిగినది గాని, దీనికి సరియైన మాట మనకు ఎన్నడో ఉన్నది: కషాయము. పాలు కలపని కాఫీ కషాయము సూక్ష్మజీవులకు అంత ఇష్టమైన తావు కాదు. అది కొంత ఆమ్లగుణము గలది, దాని పి.హెచ్. సుమారు 5 ఉంటుంది. అందులో సూక్ష్మజీవులకు ఆహారము తక్కువ. అందువలన అది పాలవలె గంటలలో ప్రమాదకరము కాదు. దానికి గంటలలో జరిగే నష్టము వేరు: పరిమళనష్టము.

కాఫీ పరిమళము ఒక్క పదార్థము కాదు. వేయించిన గింజలలో 800లకు పైగా ఆవిరై ఎగిరిపోయే స్వభావము గల పదార్థములను శాస్త్రజ్ఞులు గుర్తించినారు. వానిలో మిక్కిలి ముఖ్యమైనది ఫర్‌ఫ్యూరైల్ థయాల్ అనే గంధకపు సమ్మేళనము. దీనిని 1920ల దశకములో స్విట్జర్లాండులో పనిచేసిన స్టౌడింగరు, రైష్‌టైను అనువారలు కాఫీలో గుర్తించినారు. తరువాతి కాలములో ఇద్దరికీ వేరు వేరు పరిశోధనలకు నోబెలు బహుమతులు వచ్చినవి. రైష్‌టైనుకు 1950లో, స్టౌడింగరుకు 1953లో. ఈ థయాల్ లేశమాత్రముండినను ముక్కుకు తెలుస్తుంది. ఐతే కాచిన కాఫీలో ఇది నిలకడ గలది కాదు. కొంత ఆవిరిగా పోతుంది. కొంత కాఫీకి నలుపు రంగు నిచ్చే పదార్థములతోనే కలసి చిక్కుకొనిపోతుంది. అనగా మూత ఎంత గట్టిగా బిగించినను, వేడిగా ఉంచినంతసేపు లోపల ఈ నష్టము జరుగుతూనే ఉంటుంది.

రెండవ నష్టము పులుపు. కాఫీ గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లములు వేయించేటప్పుడు కొంత మారి లాక్టోనులనే రూపము పొందుతవి. వేడి నీటిలో అవి నిలువక మెల్లగా విడిపోయి క్వినిక్ ఆమ్లము మొదలైనవిగా మారుతవి. డికాక్షనును పొయ్యిమీద సన్నని సెగపై గంటలకొద్ది ఉంచితే అది నానాటికి పుల్లబడడమునకు ఇదే కారణము. మన పట్టణములలో మంచి కాఫీ హోటలు నడిపేవారు ఈ రసాయనశాస్త్రము చదువలేదు. ఐనను వారు ఉదయమంతటికి సరిపోయే డికాక్షను ఒకేసారి దింపరు. కొద్ది కొద్దిగా, గిరాకీని బట్టి దింపుతారు. బాయిలరు మీద మధ్యాహ్నము వరకు కాగిన డికాక్షనుతో ఇచ్చే హోటలును మనము ఒకసారి చూసి మరల ఆ వీధికి పోము.

ఇట్లు పుల్లబడిన డికాక్షనులో మరుగుపాలు పోస్తే ఒక్కొక్కసారి గ్లాసు పైన సన్నని రవ్వవలె తేలుతుంది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ఆమ్లము పెరిగినకొలది ముద్దకట్టే స్వభావము గలది. వేడి తోడైనప్పుడు ఇంకను త్వరగా కడుతుంది. "పాలు మంచివి కావు" అని మనము పాలవానిని నిందిస్తాము. తప్పు చాలావరకు నిన్నటి డికాక్షనుది.

కాబట్టి డికాక్షనును నిలువ ఉంచదలచినవారు వేడిగా ఉంచరాదు, చల్లగా ఉంచాలి. ఫిల్టరులో దిగిన వెంటనే పైగిన్నెను, అందులోని పిప్పిని తీసివేయాలి. మనలో చాలమంది పైగిన్నెను సాయంత్రము వరకు అట్లే వదలివేస్తారు. పిప్పి నుండి చివర దిగే చుక్కలలో పరిమళము ఉండదు, చేదు మాత్రమే ఉంటుంది. పైగా తడిపిప్పి త్వరగా బూజుపడుతుంది. దిగిన డికాక్షనును చిన్న గాజుసీసాలో గాని స్టీలు పాత్రలో గాని అంచు వరకు నింపాలి. పైన గాలి తక్కువగా ఉంటే ఆక్సిజను వలన కలిగే చెరుపు కూడ తక్కువ. మూత బిగించి, సీసాను చన్నీటి గిన్నెలో నిలిపి వేడి తగ్గించి, తరువాత ఫ్రిజ్‌లో పెట్టాలి. మూతలేని డికాక్షను ప్రక్కనున్న ఉల్లిపాయల వాసనను పీల్చుకొంటుంది. ఈ విధముగా మూడు నాలుగు దినములు వాడుకొనవచ్చును. ఐనను రెండవ దినము దాటిన తరువాత దానిని మంచి కాఫీ అనడము మర్యాదకే. ఫ్రిజ్ లేనివారు ఏ పూటకాపూట, లేదా ఏ దినమున కాదినము దింపుకొనడమే మేలు. మన ఎండాకాలములో గదిలోపలనే 35 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో డికాక్షను కూడ రెండు మూడు దినములకు పైన పొరకట్టి బూజు వేస్తుంది. చికోరి కలిపినది చిక్కగా ఉంటుంది గనుక ఎక్కువ కాలము నిలుస్తుందని కొందరు నమ్ముతారు. చిక్కదనమునకు నిలువకు సంబంధము లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గాలి లేకుండ బిగించితే చాలునని సీసాను గదిలోనే వారములకొద్ది ఉంచరాదు. కాఫీ ఆమ్లగుణము గలదే గాని, బొట్యులిజము కలిగించే బాక్టీరియాను అడ్డగించడమునకు చాలినంత ఆమ్లము అందులో లేదు; ఆ అడ్డుకట్టకు పి.హెచ్. 4.6 గాని అంతకు తక్కువ గాని ఉండాలి. ఆ బాక్టీరియా గాలి లేని చోటనే పెరుగుతుంది. 2017లో అమెరికాలో ఒక సంస్థ డబ్బాలలో మూసి అమ్మిన చల్లని కాఫీని ఈ భయముతోనే అంగళ్ళనుండి వెనుకకు తీసుకొన్నది. ఎవరికో జబ్బుచేసిందని కాదు, చేయవచ్చునని. గాలి తీసివేయడము రుచికి రక్ష. చల్లదనమే దేహమునకు రక్ష.

ఇప్పుడు పాల విషయము. మన చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

పాలను కాచితే అందులోని సూక్ష్మజీవులలో చాలభాగము చచ్చిపోతవి. చాలభాగమే గాని సమస్తము కాదు. బాసిల్లస్ సిరియస్ వంటి కొన్ని బాక్టీరియాలు సిద్ధబీజములనే గట్టి కవచము గల రూపములో మరుగుపాలను కూడ తట్టుకొని మిగులుతవి. పాలు గోరువెచ్చనైనప్పుడు అవి మరల మొలకెత్తుతవి. ఇవికాక, కాచిన తరువాత మనము ముంచే గరిటె, తుడిచే గుడ్డ, మన చేతులు క్రొత్త సూక్ష్మజీవులను తెచ్చి కలుపుతవి. ఆరోగ్యవంతుల ముక్కులో, చర్మముమీద కూడ నివసించే స్టాఫిలోకాకస్ వానిలో ఒకటి. పాలు వానికి సంపూర్ణాహారము. కషాయములోని స్వల్పమైన ఆమ్లత్వమును కూడ పాలు తగ్గించివేస్తవి. పాలు కలిపిన క్షణమునుండి కాఫీ, కాఫీగా గాక పాలుగా ప్రవర్తిస్తుంది.

5 డిగ్రీల సెంటీగ్రేడు నుండి 60 డిగ్రీల వరకు ఉన్న ప్రదేశమును ఆహారశాస్త్రజ్ఞులు అపాయమండలమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ఆహారభద్రతా సూత్రములలోను, వండిన ఆహారమును గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి వదలరాదని, వడ్డించేవరకు 60 డిగ్రీలకు పైన ఉంచాలని, లేనియెడల 5 డిగ్రీలకు లోపల ఉంచాలని చెప్పబడినది. ఎందుకు రెండు గంటలు? చిన్న లెక్క వేద్దాము. అనుకూలమైన వెచ్చదనములో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషములకు ఒకసారి రెండింతలవుతవి. అనగా గంటకు ఎనిమిదింతలు. ఒక్క బాక్టీరియా రెండు గంటలకు 64 అవుతుంది. నాలుగు గంటలకు 4,096 అవుతుంది. ఏడు గంటలకు 20,97,152. మొదటి రెండు గంటల పెరుగుదల అల్పము; తరువాతి గంటలలోనే లెక్క చేయిదాటుతుంది. వాస్తవములో ప్రతి పాత్రలోను ఇంత చక్కగా లెక్క నడువదు గాని, దాని పోకడ మాత్రము ఇదే.

"మరల మరిగించితే చచ్చిపోవా?" అని గృహిణులు అడుగుతారు. బాక్టీరియాలు చచ్చిపోతవి. అవి అప్పటికే విడిచిన విషము చావదు. స్టాఫిలోకాకస్ విడిచే విషమునకు గాని, వాంతులు కలిగించే సిరియస్ విషమునకు గాని మరుగుటచే హాని లేదు. మా పరీక్షా కేంద్రములో పన్నెండు గంటలకు వేడిచేసి ఇచ్చిన కాఫీ పొగలు గ్రక్కుతూనే ఉండినది.

ఫ్లాస్కును గురించి కొంత చెప్పాలి. ఎందుకంటే మనవారికి దానియందు గల విశ్వాసము అపారము. రెండు గోడల నడుమ గాలిని తీసివేసి వేడి దాటకుండ చేయవచ్చునని 1892లో డ్యూవరు అనే శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాల అవసరమునకు దీనిని నిర్మించినాడు. అమ్మకానికి వచ్చినది 1904లో, జర్మనీలో. ఫ్లాస్కు వేడిని పుట్టించదు; పోయే వేడిని ఆలస్యముగా పోనిస్తుంది, అంతే. 60 డిగ్రీలకు పైన ఉన్నంతవరకు ఆ ఆలస్యము మనకు మేలు. 60కి దిగిన తరువాత అదే ఆలస్యము సూక్ష్మజీవులకు మేలు. మన ఇండ్లలో పెరుగు ఎట్లు తోడుపెడుతున్నామో జ్ఞాపకము చేసుకోండి. పాలను కాచి, గోరువెచ్చగా చేసి, చెంచాడు తోడు వేసి, కదల్చకుండ వెచ్చని చోట మూసిపెడుతాము. ఉదయము పాలకాఫీ పోసి, మధ్యాహ్నమునకు గోరువెచ్చనైన ఫ్లాస్కులో జరిగేది సరిగా ఇదే. తోడు మాత్రము మనము ఎంచి వేసినది కాదు. బిరడా క్రింది రబ్బరు వలయములో నిన్న ఇరుక్కొన్న పాలమీగడ.

ఆ బిరడాను విప్పి చూసిన వారెందరు? బెండు బిరడా ఐతే పాలను పీల్చి లోపల దాచుకొంటుంది. ఎంత కడిగినను అందులో కొంత మిగులుతుంది. మరబిరడా ఐతే వలయమును ఊడదీసి కడగాలి. ఫ్లాస్కు లోపల వేడినీరు, వంటసోడా పోసి కొంతసేపు ఉంచి, సీసాలు కడిగే బ్రష్షుతో రుద్ది, బోర్లించి ఆరబెట్టాలి. ఆరిన తరువాత కూడ మూత పెట్టక తెరచియే ఉంచాలి. నింపేముందు ఐదు నిమిషములు మరుగునీరు పోసి పారబోస్తే గోడలు వేడెక్కి, కాఫీ వేడి త్వరగా దిగదు. సగము నింపిన ఫ్లాస్కు నిండు ఫ్లాస్కు కంటె త్వరగా చల్లబడుతుంది.

మా బంధువర్గములో గల్ఫు దేశములలో ఉద్యోగములు చేసివచ్చినవారు తెచ్చిన పెద్ద స్టీలు ఫ్లాస్కులు చాల ఇండ్లలో ఉన్నవి. అక్కడ అతిథులకు ఫ్లాస్కునుండి పలుమార్లు పోసి ఇవ్వడము వారు చూసినారు; మనమును అట్లే చేయవచ్చునని తలచినారు. ఐతే అక్కడ ఫ్లాస్కులో ఉండేది యాలకులు వేసిన ఖహ్వా. అందులో పాలు ఉండవు. కాఫీ అనే మాటయే ఆ ఖహ్వానుండి తుర్కీల నోట కహ్వేయై, యూరపు చుట్టి మనకు చేరినది. మాట మారినందుకు చింత లేదు. పాలు చేరిన తరువాత పాత్ర పద్ధతి కూడ మారవలసి ఉండినది, అది మారలేదు.

ఇత్తడి ఫిల్టరు గురించి రెండు మాటలు. డికాక్షను దిగడానికి ఇత్తడి పనికివస్తుంది గాని నిలువకు కాదు. కళాయి పోయిన ఇత్తడిలో ఆమ్లగుణము గల ద్రవమును రాత్రంతా ఉంచితే రాగి కరగి చేరుతుంది. దిగిన వెంటనే వేరొక పాత్రలోనికి మార్చుకోవాలి.

ఆ విద్యార్థికి మేము చెప్పిన ఉపాయము ఇది. డికాక్షను వేరుగా, పాలు వేరుగా ఉంచుకోవాలి. రెండును గ్లాసులోనే కలవాలి. గదిలో ఫ్రిజ్ లేదు గనుక ఫ్లాస్కులో మరుగునీరు మాత్రమే పోసుకొని, చిన్న సీసాలో ఆనాటి డికాక్షను, మూతగట్టి డబ్బాలో పాలపొడి ఉంచుకోవాలి. పాలపొడి పొడిగా ఉన్నంతవరకు దానిలో సూక్ష్మజీవులు పెరగవు. అర్ధరాత్రి ఒక గ్లాసుకు సరిపడ కలుపుకొంటే అది అప్పుడే కాచిన దానితో సమానము. పొడిపాల రుచి పచ్చిపాల రుచికి సాటిరాదని అతడు కొంచెము ముఖము ముడిచినాడు. మేము కాదనలేదు.

ఫ్రిజ్ ఉన్న ఇండ్లలో చల్లని డికాక్షనును నేరుగా పొయ్యిమీద పెట్టి మరిగించరాదు. మరిగితే మిగిలిన పరిమళము కూడ పోతుంది. గ్లాసులో చల్లని డికాక్షను పోసి, పైన పొంగు వచ్చిన పాలు పోస్తే చాలును. ఇంకను వేడి కావాలంటే డికాక్షను గిన్నెను వేడినీటి గిన్నెలో రెండు నిమిషములు నిలుపవచ్చును. పాలు కలిపినదే మిగిలితే? వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఆ దినమే చల్లగా త్రాగవచ్చును. బల్లమీద రెండు గంటలు దాటినదానిని మాత్రము జాలిపడక పారబోయాలి. థర్మామీటరు లేనివారికి ఒక మోటు గుర్తు చెప్తాము: ఊదకుండ, ఆగకుండ గుటక వేయగలిగినంత వేడికి కాఫీ దిగినదంటే అది ఇంచుమించు 60 డిగ్రీలకు దిగినట్లే, గడియారము అక్కడినుండి లెక్కపెట్టుకోవాలి.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. క్యాంటీను ఏర్పాట్లను పరిశీలిస్తున్న ఈ సంవత్సరములోనే ఈ మార్పు చేయడము సులభము. ఇప్పుడు ఉదయము ఏడు గంటలకు కలిపిన కాఫీ ఒకే డబ్బాలో పదకొండున్నర విరామము వరకు నడుస్తున్నది. దానికి బదులు డికాక్షనుకు ఒకటి, పాలకు ఒకటిగా రెండు పాత్రలు ఉండాలి. పాలు విరామమునకు ముందు అప్పటికప్పుడు కాగాలి. వంటగదిలో వాడే థర్మామీటరు ఒకటి గోడకు వ్రేలాడాలి. ఏ పాత్రలోని పాలు ఎన్ని గంటలకు కాచినవో పాత్రమీద సుద్దముక్కతో వ్రాయాలి. వార్షికోత్సవమునాడు అతిథులకు పంపే ఫ్లాస్కులలో డికాక్షను మాత్రమే పంపి, పాలు వేదిక వెనుక కాచవచ్చును. క్యాంటీను నడిపే అతనితో మేము ముందే మాట్లాడినాము. రెండు పాత్రలకు, సుద్దముక్కకు అతడు ఒప్పుకొన్నాడు. ఫ్లాస్కుల బిరడాలు ప్రతి సాయంత్రము విప్పి, కడిగి, ఆరబెట్టే పని ఎవరిదని అడిగితే మాత్రము ఇంకను జవాబు చెప్పలేదు.